చర్చికి పోయే దినం మాత్ర

ఆ రోజు షర్మిలకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఎనిమిదింటికి రాబర్ట్‌సన్‌పేటలో జయరాం మందులంగడి తలుపు తెరవాలి. పదిన్నరకు కోలారులో ఫార్మసీ ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలి. సాయంత్రం తిరిగొచ్చి మళ్లీ అంగడిలో నిలబడాలి. మధ్యలో అన్నం ఎప్పుడు తింటావని అమ్మ అడిగితే నవ్వి తప్పించుకుని వచ్చేసింది.

అంగడి తెరిచీ తెరవగానే ఫెలిక్స్ వచ్చాడు. వాళ్ల వీధివాడే, ఎస్తరమ్మ కొడుకు. నరసాపురం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మకు నోరంతా పుండ్లు షర్మీ. గంజి గూడా మింగేకి కాలేదు. పూసేదానికి ఏమన్నా ఇయ్యి."

"ఎన్ని దినాల నుంచి అన్నా?"

"రెండు దినాలు. ఇంట్లో పండుకోమంటే వింటాదా? పొద్దున లేస్తే చర్చిలోనే ఉండాది."

షర్మిల ఒక కన్ను గడియారం మీద వేసి, పూతమందు ఇచ్చి పంపించింది. జయరాం రాగానే అంగడి అప్పజెప్పి బస్సుకు పరుగెత్తింది.

కిటికీ పక్క సీటు దొరికింది. పరీక్ష నోట్సు తెరిచింది. ఊరి చివర మలుపులో బస్సు ఆగినప్పుడు తలెత్తితే ఎదుటి గోడ మీద పోస్టరు కనిపించింది. చర్చిలో ఉజ్జీవ కూడికలు, పది దినములు, ప్రతి ఉదయము. ఒకసారి ఊరికే చదివింది. రెండోసారి చదివేసరికి ఫెలిక్స్ మాట గుర్తొచ్చింది, పొద్దున లేస్తే చర్చిలోనే అని.

ఎస్తరమ్మకు కీళ్లవాతం. డాక్టరు రాసిన మాత్ర వారానికి ఒక్కటే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే మందే విషమవుతుంది, మొదట నోరు పుండ్లు పడుతుంది. ఈ సంగతి పుస్తకంలో గీత గీసుకుని మరీ చదివిన పిల్ల షర్మిల. కానీ బంగారు గనివాళ్ల ఇళ్లలో పెద్దలకు సోమవారమో మంగళవారమో అని చెబితే గుర్తుండదు. గని నడిచినన్నాళ్లు షిఫ్టును బట్టి రోజులు లెక్కపెట్టినవాళ్లు, అది మూతపడ్డాక చర్చిని బట్టి లెక్కపెడుతున్నారు. అందుకే పోయిన నెల జయరాం టీకి వెళ్లినప్పుడు షర్మిల తన తెలివంతా చూపించింది. "అవ్వా, చర్చికి పోయే దినం ఒకటి ఏసుకో. తక్కిన దినాలు ముట్టుకోవద్దు." ఎంత సులువుగా చెప్పానో అని ఆ సాయంత్రమంతా మురిసిపోయింది కూడా.

ఎస్తరమ్మ చెప్పింది చెప్పినట్టే చేసింది. పోస్టరు మీది తేదీ చూస్తే కూడికలు మొదలై ఆరు రోజులు. ఆరు మాత్రలు.

"కండక్టరన్నా, ఆపండి. దిగల్ల."

ఆటోలో నుంచే కాలేజీలో ఉమాదేవి మేడమ్‌కు ఫోను చేసింది. ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఆరు నెలల తర్వాతేనని మేడమ్ ఖచ్చితంగా చెప్పింది. షర్మిలకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చర్చి వీధి చెప్పింది ఆటోవాడికి. తర్వాత జయరాంకు చేసింది. సంగతంతా విని ఆయన అన్నాడు.

"ముందు ఆయమ్మను ఆసుపత్రికి తీసుకుపో. ఎవరన్నా అడిగితే ముసలామె మర్చిపోయి ఏసుకునిందని చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

చర్చిలో వెనక వరసలో గోడకు ఆనుకుని ఉంది ఎస్తరమ్మ. ఒళ్లు కాలిపోతోంది. ఫెలిక్స్‌ను లేపి పిలిపించి, ఇద్దరూ కలిసి ఆసుపత్రిలో చేర్చారు. రక్తం తీశారు. డాక్టరు ఫెలిక్స్ తెచ్చిన మాత్రల అట్టలో ఖాళీలు లెక్కపెట్టాడు.

"ఈ మాత్ర రోజూ ఏసుకోమని ఎవరు చెప్పినారు?"

ఫెలిక్స్ తల్లి వైపు చూశాడు. మర్చిపోయిందని అంటే చాలు, అందరూ నమ్ముతారు. ముసలితనానికి ఎన్ని నేరాలు అంటగట్టినా ఎవరూ కాదనరు. షర్మిల ఒక అడుగు ముందుకు వేసింది.

"నేనే సార్. చర్చికి పోయే దినం ఏసుకోమన్నాను. కూడికలు వస్తాయని తలుచుకోలేదు. అవ్వ తప్పు ఏమీ లేదు."

ఫెలిక్స్ ఆమెను తేరిపార చూసి బయటికి వెళ్లిపోయాడు. డాక్టరు విరుగుడు సూది రాశాడు.

మధ్యాహ్నం రెండు దాకా షర్మిల వరండా బెంచీ మీదనే కూర్చుంది. కోలారులో తన బ్యాచ్ పరీక్ష ముగిసి ఉంటుంది. పోతే పోయింది అనుకోవడానికి ఎంత ప్రయత్నించినా మనసు ఒప్పుకోలేదు. అప్పుడు డాక్టరు వచ్చి, రక్తం మరీ దెబ్బతినలేదనీ, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదనీ, నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తాననీ చెప్పాడు. ఆ మాట విన్నాక గానీ ఆకలి తెలియలేదు.

కూడిక ముగిశాక ఇంటి పనులు చూసుకుని చర్చి ఆడవాళ్లు నలుగురు చూడటానికి వచ్చారు. జరిగిన సంగతి వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. ఎస్తరమ్మ మంచం పక్క బెంచీ మీద కూర్చున్న షర్మిలను చూసి మొహాలు ముడుచుకున్నారు.

"ఈ పిల్లేనా?" అంది అందరిలోకీ పెద్దది, మోనికమ్మ.

నోటి పుండ్లతో ఎస్తరమ్మ ఒక్కొక్క మాటే కూడదీసుకుంది. "తప్పు చెప్పింది ఈ పిల్లే. తప్పు చెప్పినానని పరీక్ష ఇడిసిపెట్టి పరుగెత్తుకొని వచ్చింది గూడా ఈ పిల్లే. నేను మర్చిపోయినానని చెప్పి ఈ పిల్ల తప్పించుకోవచ్చును. చెప్పలేదు."

తలుపు దగ్గర నిలబడిన ఫెలిక్స్ లోపలికి వచ్చాడు. చేతిలోని ఇడ్లీ పొట్లం షర్మిల ఒళ్లో పెట్టాడు.

మోనికమ్మ షర్మిల దగ్గరికి వచ్చింది. తర్వాత చేతిసంచీ విప్పి, బైబిలు పక్కన గుడ్డలో చుట్టిన మాత్రలు తీసింది. తెల్లవి, గులాబీవి, సగం విరిచినవి.

"ఇంగ ఇవి ఎప్పుడెప్పుడు ఏసుకోవాల్నో చూసి చెప్పమ్మా."

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. షర్మిల ఆపుకుంది. పొట్లం పక్కన పెట్టి, ముసలామెకు బెంచీ మీద చోటు ఇచ్చింది.

"ముందు నువ్వు చెప్పవ్వా. పొద్దున లేసినప్పటి నుంచి ఏమేం చేస్తావు, యాడాడికి పోతావు, అంతా చెప్పు. నేను వింటాను."