జానెడు జమ్ము

మా ఊరి మంచినీళ్ళ చెరువు నీళ్ళు గ్లాసులో పోస్తే గ్లాసు ఖాళీగా ఉందేమో అనిపించేది. మాచవరం మండలంలో అలాంటి నీళ్ళు ఇంకో ఊళ్ళో లేవని నేను పందెం కాసేవాణ్ణి. మా ఇళ్ళకు వచ్చిన చుట్టాలు పోతూ పోతూ క్యాన్లతో పట్టుకుపోయేవాళ్ళు.

ఇరవై రెండేళ్ళుగా ఆ చెరువు దగ్గర పంపు ఆపరేటర్ని నేనే. ఇసక ఫిల్టర్లు కడిగేది నేను, క్లోరిన్ కలిపేది నేను, తెల్లారకముందే మోటారు వేసేది నేను. కాబట్టి ఆ నీళ్ళకు వచ్చిన పేరు కూడా నాదే అనుకున్నాను. హరికృష్ణ చెయ్యి మంచిదని ఎవరైనా అంటే మొహమాటానికి కూడా కాదనలేదు.

సాగర్ కుడికాలువ నుంచి మాకొచ్చే పిల్లకాలువ నేరుగా చెరువులో పడదు. ముందు ఎకరం పల్లంలో పరుచుకుని, తర్వాత మెల్లగా చెరువులోకి జారుతుంది. ఆ పల్లం నిండా జమ్ము. మనిషిని మించిన ఎత్తు, బారెడు ఆకులు, వాటి మధ్య గోధుమరంగు కండెలు. ఆ కండెలు ఎండి పగిలితే దూది లేచి నా ఫిల్టర్ల మీదే వాలేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. గంటలో రావలసిన నీళ్ళు దానివల్ల ఒక పూట పట్టేవి. లోపల జంబుకోళ్ళ గోల, అంచున గిజిగాళ్ళ గోల. పాముల సంగతి సరేసరి.

ఆ జమ్ము కోసేది పుల్లమ్మత్త ఒక్కతే. ఆమె మాకు బంధువు కాదు, కానీ ఊరందరికీ అత్త. భర్త రాళ్ళ క్వారీలో పోయాక, జమ్ము చాపలు అల్లి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఏటా మాఘమాసంలో చీర ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగేది. ఒక ఏడు తూర్పు సగం కోస్తే మరుసటి ఏడు పడమటి సగం. కోసినచోట కూడా మొదలంటా కోసేది కాదు. నీళ్ళ పైన జానెడు మోడు వదిలేసేది. ఆ పని నాకు అసలు నచ్చేది కాదు.

"ఏందత్తా ఈ కోత? సగం గొరిగిన గడ్డంలాగా!" అనేవాణ్ణి.

"అది దాని ముక్కురా. దాంట్లోంచే బురదలో ఉన్న దుంపకి గాలి పోద్ది. ముక్కు నీళ్ళలో మునిగిందా, సచ్చిద్ది" అనేది.

నేను నవ్వేవాణ్ణి. ఇంటర్ చదివినవాణ్ణి కదా, గడ్డికి ముక్కేంటని.

పోయిన ఏడాది మాఘంలో పుల్లమ్మత్తకు కంటి ఆపరేషన్ పడింది. నడికుడిలో కూతురింటికి వెళ్ళి నెలరోజులు ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే చెరువుల తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. ఆరుగురు కూలీలను పెట్టి ఎకరం జమ్మునూ రెండు రోజుల్లో కోయించాను. మోళ్ళు కనబడకూడదని నీళ్ళ అడుగుకి కొడవలి పెట్టించాను. అదీ చాలక కాలువ షట్టరెత్తి ఇంకో జానెడు నీళ్ళు నింపాను. పల్లం అద్దంలా మెరిసింది. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. ఊరి వాట్సాప్ గ్రూపులో నాకు దండాలే దండాలు.

పుల్లమ్మత్త కంటికి నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా చెరువుకట్ట మీదికొచ్చింది. వంగి నీళ్ళలోకి చూసింది.

"నీళ్ళ కింద కోయించావంట్రా?"

"అవునత్తా. మళ్ళీ మొలిచిద్దిలే, గడ్డేగా."

తిడుతుందనుకున్నాను. కట్ట మీద కూర్చుని అద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. తుడిచింది అద్దాలనేనని ఆ రోజు అనుకున్నాను.

ఫాల్గుణం పోయింది, ఉగాది పోయింది. ఒక్క మొలక లేవలేదు. దుంపలు కుళ్ళి పల్లమంతా వాసన కొట్టింది. జంబుకోళ్ళు ఎటు పోయాయో తెలియదు. పొద్దున్నే మోటారు వేయడానికి వెళితే చెవుల్లో నిశ్శబ్దం. ఇన్నేళ్ళూ తిట్టుకున్న గోల కోసం నేనే చెవి ఒగ్గి నిలబడ్డాను.

చైత్రం చివర చెరువులు నింపడానికి కాలువ వదిలారు. నెలల తరబడి ఎండిన కాలువ కదా, మొదటి నీళ్ళు దుమ్మూ బురదా అన్నీ మోసుకొస్తాయి. ప్రతి ఏడూ అలాగే వస్తాయి. అవి జమ్ములో చిక్కుకుని, నడక మందగించి, బురదనంతా ఆ మొదళ్ళ దగ్గరే దించేసుకుని చెరువుకు చేరేవి. నేను విసుక్కున్న ఆ ఆలస్యమే ఊరికి తేటనీళ్ళిచ్చిందని అప్పటికి నాకు తెలియదు. ఈసారి అడ్డం ఏమీ లేదు. గంటలో చెరువు ఎర్రబడింది.

రోజుకొకసారి కడిగే ఫిల్టరు రెండు గంటలకోసారి మూసుకుపోయింది. ఇసక మార్చాను, పటిక పోశాను. నీళ్ళు మాత్రం పలచటి టీలాగా వస్తూనే ఉన్నాయి. మా ఆవిడ శ్రీదేవి ఒకరోజు బిందె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఊరందరితో తిట్లు తినలేకపోతన్నా. ఇది నువ్వు తాగు, తర్వాత నేను తాగుతా" అంది.

మా ఇంట్లో కూడా కొనుక్కొచ్చిన క్యానే తాగుతున్నామని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కట్ట మీదికి వెళ్ళి, బోసి పల్లం మీంచి ఎర్రనీళ్ళు అడ్డం లేకుండా చెరువులో పడటం చూశాక, ఇన్నేళ్ళూ వాటిని ఆపిందేదో అర్థమైంది. నేరుగా పుల్లమ్మత్త గుమ్మం ముందుకు వెళ్ళాను. ఆమె పాత చాప అంచులు అల్లుకుంటోంది.

"అత్తా, ఫిల్టరు నాది కాదు, నీది. తెలవక చంపేశాను. ఏం చెయ్యాలో చెప్పు."

తలెత్తకుండానే అంది: "నాది కాదురా, దానిది. నేను కోసుకునేదాన్నే. చెరువు అడుగంటనీ. నడికుడిలో రైలుపట్టాల పక్కన గుంటలో జమ్ము చానా ఉంది. కన్ను సరిగ్గా కనపడకపోయినా అది మాత్రం కనపడింది."

జ్యేష్ఠంలో పల్లం చీలమండ లోతుకు దిగింది. ట్రాక్టరు ట్రక్కు తీసుకుని ఇద్దరం నడికుడి వెళ్ళాం. దుంపలు పెళ్ళగించి, తడి గోతాల్లో చుట్టి తెచ్చాం. ఒక్కో దుంపకూ ఒక మొలక ఉండాలి, మొలక తల నీళ్ళ పైన ఉండాలి. అంతవరకు ఇద్దరి వల్లా అయ్యే పనే. అసలు చిక్కు ఆ తర్వాతది. సాగర్ నీళ్ళు వదిలాక పల్లం ఒకేసారి నిండితే లేతజమ్ము మునిగి చస్తుంది. నెలరోజులు షట్టరు బెత్తెడు మించి ఎత్తకూడదు. అంటే ఊరికి రోజు విడిచి రోజే నీళ్ళు. ఇప్పటికే మండిపోతున్న ఊరికి ఆ మాట చెప్పాల్సింది నేను.

మోటారు కాలిందని చెబుదామా అని ఒక రాత్రంతా ఆలోచించాను. తెల్లారి పంచాయతీ మైకు పట్టుకున్నాను.

"నేను హరికృష్ణని. నీళ్ళు చెడగొట్టింది నేనే. పుల్లమ్మత్త ఏళ్ళ తరబడి చెబుతున్నా వినకుండా జమ్ముని నీళ్ళ కింద కోయించింది నేనే. ఇన్నేళ్ళూ మీకు మంచినీళ్ళిచ్చింది నేను కాదు, ఆ జమ్ము. మళ్ళీ నాటుతున్నాం. నెలరోజులు రోజు విడిచి రోజే నీళ్ళు. తిట్టాలనుకున్నోళ్ళు పల్లం దగ్గరికి రండి. నేనక్కడే ఉంటా."

వచ్చారు. అందరికన్నా ముందు వార్డు మెంబరు చెన్నకేశవులు వచ్చాడు. గట్టు మీద నిలబడి మా మూడు తరాలనూ తిట్టాడు. తల వంచుకుని దుంపలు నాటుతూనే ఉన్నాను. అతను గుక్క తిప్పుకునే సందు చూసి పుల్లమ్మత్త ఒక గోతం అతని చేతికిచ్చింది.

"తిట్టింది చాల్లేరా. దిగి, దుంప పెట్టి కాలితో అదుము. తల ముంచావంటే నీ సంగతి చెబుతా."

మెంబరుగారు ప్యాంటు మడిచి దిగాడు. సాయంత్రానికి పల్లంలో పదిహేనుమంది ఉన్నారు.

ఆ జమ్ము పెరగడం నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. పదిరోజులకు వేలెడు పచ్చగా లేచింది. నెలకు నా నడుము దాటింది. కింద బురదలో దుంప దుంపను కంటూ, నాటని చోటికి కూడా పాకింది. ఎరువు వేయలేదు, మందు కొట్టలేదు. వానకు వంగింది, గాలికి పడుకుంది, మళ్ళీ లేచింది. నీళ్ళ మట్టం బెత్తెడు పెంచితే అది మూరెడు పెరిగింది. ఇరవై రెండేళ్ళు దాని పక్కనే ఉండి, దాన్నొక్కసారి కూడా సరిగ్గా చూడలేదని సిగ్గేసింది. భాద్రపదంలో ఒక తెల్లవారుజామున మోటారు స్విచ్చి మీద చెయ్యి పెట్టబోతుంటే, లోపలెక్కడో జంబుకోడి కూసింది. స్విచ్చి వేయకుండా అలాగే నిలబడ్డాను.

కార్తీకానికి నీళ్ళు తేరాయి.

మొన్న మాఘంలో గురజాల నుంచి వచ్చిన చుట్టం ఒకాయన కుళాయి దగ్గర క్యాను నింపుకుంటూ అడిగాడు.

"ఏందయ్యా ఈ నీళ్ళు, ఇంత తేటగా ఉన్నయ్! మీ ఫిల్టరు ఏ కంపెనీది?"

ఆయన్ని చెయ్యి పట్టుకుని కట్ట మీదికి తీసుకెళ్ళాను. తూర్పు సగంలో పుల్లమ్మత్త కోత మొదలుపెట్టింది. పడమటి సగం కండెలతో నిండుగా ఊగుతోంది.

"అదిగో, అదే" అన్నాను.

"ఒరేయ్ హరికృష్ణా, కబుర్లాపి దిగు. జానెడు గుర్తుందా?" అని జమ్ములోంచి కేకేసింది పుల్లమ్మత్త.

"గుర్తుందత్తా."

లుంగీ ఎగ్గట్టి దిగాను. ఆమె తన రెండో కొడవలి నా చేతికిచ్చింది. ఒక్కో దుబ్బు దగ్గరా ముందు నీళ్ళ మీద చెయ్యి నిలువుగా చాపి జానెడు కొలుచుకుని, ఆ పైన కోశాను.