నాలుకకు అంటుకున్న మేకు

మేకు నాలుకకు అంటుకుపోయింది.

పెద్ద మేస్త్రి సుత్తి పక్కన పెట్టి, వేలితో దాన్ని ఊడబీకాడు. యాభై ఏళ్లుగా కుర్చీలకు, సోఫాలకు గుడ్డ బిగించే పని అతనిది. ఎడమ చేత్తో గుడ్డ లాగిపట్టాలి, కుడి చేతిలో సుత్తి ఉంటుంది. ఇక మేకులకు మిగిలింది నోరే. గుప్పెడు బుల్లి మేకులు బుగ్గన వేసుకుంటే, నాలుక ఒక్కొక్కదాన్నే తిప్పి, మేకు తల ముందుకు వచ్చేలా పెదవుల మీదికి తెస్తుంది. సుత్తికున్న అయస్కాంతం దాన్ని అందుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్క మేకూ మొండికెయ్యలేదు. వారం నుంచి అన్నీ మొండికేస్తున్నాయి.

పైగా చేదు.

ఈ మేకుల డబ్బా తెచ్చింది అల్లుడు.

అల్లుడు కొట్టు గుమ్మంలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు, గొంతు తగ్గించి. మేస్త్రి అటు చూడగానే వీధిలోకి దిగాడు. కొట్టును అల్లుడు తన పేరన రాయించుకునే ఎత్తులో ఉన్నాడని మేస్త్రికి నెల కిందటే అనుమానం పట్టుకుంది. ఎలా పట్టుకుందంటే చెప్పలేడు. పట్టుకుంది, అంతే.

అప్పటి నుంచి పగలు కొట్టు వదలడం మానేశాడు. కొట్టులో మరుగుదొడ్డి లేదు, పక్క ప్రెస్సువాళ్ల పెరట్లోకి పోవాలి. అతని మోకాళ్లతో పోయి రావడానికి పావుగంట పడుతుంది. పావుగంటలో అల్లుడు సొరుగులోని కొట్టు కాగితాలను ఏమైనా చేసెయ్యగలడు. అందుకని మేస్త్రి ఓ ఉపాయం కనిపెట్టాడు. నీళ్లు తాగకపోతే పోవలసిన పనే ఉండదు. పొద్దున బీపీ మాత్రతో ఓ గుక్క, రాత్రి భోజనంలో ఓ గుక్క. దాహం కూడా వెయ్యడం లేదు గనక, ఒళ్లు తన పక్షానే ఉందనుకున్నాడు.

"మామయ్యా, టీ."

"అక్కడ పెట్టు."

"పొద్దుటిదీ అక్కడే ఉంది. మన టీకి ఈగలు బాగా అలవాటు పడ్డాయి."

మేస్త్రి సుత్తి అందుకున్నాడు. నాలుగు రోజుల కిందట మూత్రం వార్నిష్ రంగులో వచ్చింది. టీలో ఏదో కలుపుతున్నాడనుకుని టీ మానేశాడు. మానేశాక రంగు ఇంకా ముదిరింది. అంటే మేకులకూ ఏదో పూశాడన్నమాట.

ఆ మధ్యాహ్నం ఎదురు క్లినిక్ బెంచీకి రెగ్జిన్ కత్తిరించాడు. పరిచి చూస్తే నాలుగు వేళ్లు తక్కువ.

"నా సుద్దగీత ఎవరు జరిపారు?"

"ఎవరు జరుపుతారు మామయ్యా? కొలిచింది మీరు, గీసింది మీరు, కోసింది మీరు. నేను కత్తెర కూడా ముట్టలేదు."

"అయితే నేను పొరపాటు పడ్డానంటావు."

"ఎండ మండిపోతోంది, కాసిని నీళ్లు తాగండి అంటున్నాను."

"నా నోట్లో ఏం పోసుకోవాలో నువ్వు చెప్పక్కర్లేదు."

లేవగానే కొట్టు గిర్రున తిరిగింది. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఇక ఊరుకునేది లేదు. సాయంత్రం అల్లుడి దగ్గర కొట్టు తాళంచెవి తీసుకుని, రేపటి నుంచి రావద్దని చెప్పెయ్యాలి. కూతురు ఏడుస్తుంది. ఏడవనీ. కాని ముందు చేతిలో రుజువుండాలి. నాలుగు మేకులు పొట్లం కట్టి, జేబులో వేసుకుని వీధి దాటాడు. క్లినిక్ గుమ్మంలోంచి కొట్టు కనిపిస్తూనే ఉంటుంది.

"బెంచీ అయిపోయిందా మేస్త్రిగారూ?" అంది నర్సమ్మ.

"బెంచీ తర్వాత. వీటికి విషం పూశారేమో చూసి చెప్పమ్మా."

నర్సమ్మ మేకుల్ని చూసింది. తర్వాత మనిషిని చూసింది.

"ఎవరు పూశారంటారు?"

"నా అల్లుడు."

వెనక చెప్పుల చప్పుడు ఆగింది. మామగారు తూలుతూ వీధి దాటడం చూసి అల్లుడు వెంటే వచ్చాడు. ఆ మాట విన్నాడు. పొట్లంలోని నాలుగు మేకులూ తీసి తన నోట్లో వేసుకున్నాడు. బుగ్గన తిప్పి, ఒక్కొక్కటే తల ముందుగా పెదవుల మీదికి తెచ్చి, అరచేతిలో రాల్చాడు. ఆ విద్య నేర్పింది మామగారే.

"ఇనుము రుచి. మనం ఎప్పుడూ కొనే మేకులే," అన్నాడు.

"నాలుక చాపండి," అంది నర్సమ్మ మేస్త్రితో. చాపాడు. ఎండిన తోలుముక్కలా ఉంది, మధ్యలో పగుళ్లు. "పొద్దున్నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు?"

మేస్త్రి గుమ్మంలోంచి కొట్టు వైపు చూశాడు.

"నిన్న?"

"దాహం వెయ్యలేదు."

"ఈ వయసులో దాహం సరిగ్గా పిలవదు. అది పిలిచేదాకా కూర్చోకూడదు. నోరెండి, మూత్రం రంగు ముదిరి, లేస్తే తల తిరిగి, చేసే పనిలో లెక్క తప్పుతుంటే ఒంట్లో నీళ్లు తగ్గాయని అనుకోవాలి. కొందరికి లేనిపోని అనుమానాలు కూడా వస్తాయి."

మేస్త్రి అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. చెయ్యి చాపాడు. "చర్మం గిల్లి చూస్తారుగా. చూడు."

"మీ వయసుకి చర్మం ఎలాగూ వదులే. దాన్ని నమ్మలేం."

ఈ మాట మాత్రం బుర్రకెక్కింది. పాత సోఫా గుడ్డ గిల్లి, లోపలి స్పాంజి ఎలా ఉందో అతనూ చెప్పలేడు.

డాక్టరు వచ్చి కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. పొద్దున వేసుకునే మాత్ర ఒంట్లో నీటిని బయటికి తోసే రకమని, దాన్ని మార్చి రాశాడు. రక్తం పరీక్షకు తీశారు. ఓఆర్ఎస్ కలిపిన గ్లాసు ఇచ్చి, కొంచెం కొంచెంగా తాగమన్నారు.

మేస్త్రి గ్లాసు వాసన చూశాడు.

"ముందు నేనో గుక్క తాగి చూపించనా?" అన్నాడు అల్లుడు.

"అక్కర్లేదు." రెండు గుక్కలు తాగాక అడిగాడు. "ఆ ఫోన్లో గుసగుసలు ఎవరితో?"

"మీ అమ్మాయితో. మీ నాన్న తేడాగా ఉన్నాడు, టీ ముట్టడం లేదు అని రోజూ చెబుతున్నాను. మీ ఎదురుగా అంటే సుత్తి విసిరేవారు."

మేస్త్రి ఆలోచించాడు. "విసిరేవాణ్ణే."

ఆ సాయంత్రం తాళంచెవి అడగలేదు.

వారం తర్వాత కొట్టులో బల్ల మీద గాజు సీసాలో నీళ్లున్నాయి. పది గంటలకు నీళ్లు ఎక్కడికి దిగాలో, భోజనానికి ఎక్కడికి దిగాలో మేస్త్రే సీసా మీద సుద్దతో గీతలు గీశాడు. ఇంకొకరి గీత నమ్మడు.

"నేనేమైనా జరిపానేమో కొలుచుకోండి మామయ్యా."

"కొలిచాను."

మేకులు నాలుక మీద జారి వస్తున్నాయి. సీసాలో నీళ్లు రెండో గీత దాటి దిగాయి. మేస్త్రి మేకులన్నీ డబ్బాలో ఉమ్మి లేచాడు. తల తిరగలేదు. కాగితాల సొరుగు వైపు ఓసారి చూశాడు. తాళం వెయ్యలేదు. ప్రెస్సు పెరటి వైపు నడిచాడు. మలుపులో ఆగి వెనక్కి చూశాడు. అల్లుడు తన స్టూలు మీద కూర్చుని మేకులు బుగ్గన వేసుకుంటున్నాడు.

పోయి రావడానికి పావుగంట కంటే ఎక్కువే పట్టింది.