కంచం పట్టిన వెలుగు

నేను ఒక స్టీలు కంచాన్ని. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం నా మూలంగా ఇంట్లో గొడవ జరిగింది.

"నా కంచం ఏదీ?" అన్నాడు భుజంగరావు, తన ముందు వేరే కంచంలో అన్నం వడ్డించి ఉండగానే.

"వంటింటి కిటికీలో ఉంది. ఈ పూటకి దీంట్లో తినండి. అన్నం ఒకటేగా," అంది ఆయన భార్య హైమావతి.

"కిటికీలో దానికేం పని? ఎండ కాచుకుంటోందా? అందులో తింటేగాని నాకు తిన్నట్టుండదని తెలుసుగా!"

"వాడి కంచం వాడికిచ్చెయ్యవే తల్లీ. లేకపోతే సాయంత్రం దాకా ఇదే పాట," అంది అత్తగారు మాణిక్యాంబ.

హైమావతి నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. కాస్త చప్పుడయ్యేలాగే పెట్టింది.

'నా కంచం' అట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కార్ఖానాలో రేకును గుండ్రంగా కోసి, అంచు వంచి, అద్దంలా మెరుగుపెట్టి నన్ను చేసింది ఈయన భోజనం కోసం కాదు. హైమావతి బి.ఎ. చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో గెలుచుకున్న బహుమతిని నేను. నా వీపు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టారు. దాని కింద 'చిత్రలేఖనం, ప్రథమ బహుమతి' అని కూడా ఉంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక, వెడల్పుగా ఉన్నానని ఈయన నన్ను సొంతం చేసుకున్నాడు. ఇన్నేళ్లలో నా వీపు ఒక్కసారీ చూడలేదు. కంచం వీపు కనిపించేది తోమేవాళ్లకే కదా.

ఆయనకు ఫోటోల పిచ్చి. కాకినాడ సముద్రం మీద ఆయన తీసిన సూర్యోదయాలు హాలు గోడల నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ అదే సూర్యుడు, అదే పడవ. కొత్త కెమెరా కొనుక్కున్నాక పాతది హైమావతికి వచ్చింది. ఆమె దానితో ఏం చేస్తోందో ఆయన అడగలేదు.

నేను చెబుతాను. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం మాణిక్యాంబ కిటికీ పక్కన కూర్చుని కార్తీక మాసానికి వత్తులు చేస్తోంది. వెలుగు ఆమె భుజం మీదుగా పడుతోంది గాని, చేతులు నీడలోనే ఉన్నాయి. హైమావతి చాలాసేపు చూసింది. వెనక అడ్డంగా ఉన్న నీళ్ల బిందె తీసేసింది. పీట జరిపింది. తృప్తి కలగలేదు. చివరికి నన్ను తెచ్చి, అత్తగారి మోకాలి దగ్గర పప్పు డబ్బాకి ఆనించి, అటూ ఇటూ తిప్పింది. కిటికీ వెలుగు నా మీద పడి పైకి లేచి, ఆ ముడతల వేళ్ల అడుగున పరుచుకుంది. దూది లోపలి నుంచి వెలిగినట్టయింది.

ఆ ఫోటోలో ముఖం లేదు. కుడిపక్క రెండు చేతులు, వాటి మధ్య నుంచి ఎడమకు సాగుతున్న సన్నటి వత్తి, ఆ తర్వాత అంతా చీకటి. చీకటిని ఆమె ఊరికే వదల్లేదు. వత్తి సాగడానికి చోటు కావాలి.

దాన్ని ఊళ్లో ఫోటోల సంఘం వాళ్ల పోటీకి పంపింది. ఆ తర్వాతే వాళ్లు ముగ్గురు జడ్జీల్లో ఒకడిగా భుజంగరావును పిలిచారు. ఫోటోల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. పేరు తెలియనప్పుడు ఆయన ఏమంటాడో వినాలని హైమావతి నోరు మెదపలేదు.

ఇవాళ చారన్నంలో ఉండగానే ఆయన సంఘం వాళ్లు పంపిన కవరు విప్పి, ఎడమచేత్తో ఫోటోలు నా చుట్టూ పరిచాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"చూడమ్మా, ఇలాంటివి కూడా పంపుతారు. సగం ఫోటో ఖాళీ! ఈ ఎడమపక్కంతా కోసిపారెయ్యాలి. ఇక ఈ వెలుగు చూడు, కింద నుంచి వేశాడు. దయ్యాల సినిమా అనుకున్నాడేమో! పోనీ ముఖమైనా ఉందా? ఎవరో ముసలమ్మని పట్టుకొచ్చి కూర్చోబెట్టుంటాడు."

తీసేసేవాటిలో పడేశాడు. ఆయన తప్పుపట్టిన వెలుగు ఆయన ముక్కు కిందే ఉంది. అందులోనే మెతుకులు కలుపుకుంటున్నాడు! కంచానికి నోరుండదు. ఉంటే ఆ పూట కరిచేదాన్ని.

మాణిక్యాంబ కళ్లజోడు సవరించుకుని ఆ ఫోటో అందుకుంది.

"ఒరే, ఇవి నా చేతులురా."

"నీవేంటమ్మా?"

"ఈ బొటనవేలు నీకు చెరుకు ముక్క కొట్టి ఇస్తుంటే తెగింది. ఇదిగో మచ్చ. ఇప్పుడేగా ఈ చేత్తోనే నీకు మాగాయ వేశాను! పట్టుకొచ్చిన ముసలమ్మ నేనేరా నాయనా."

భుజంగరావు భార్య వంక చూశాడు. ముఖం పాలిపోయింది. అంతలోనే తేరుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా హైమా! ఇప్పుడు చూస్తే బాగానే ఉంది. ఆ ఖాళీ కూడా... ఏదో అర్థం ఉన్నట్టే ఉంది. మంచివాటిలో కలిపేస్తాలే. ఎవరికి తెలుస్తుంది?"

తిట్టినప్పటి కన్నా ఈ మెప్పుకే నాకు కోపం రెట్టింపయింది. హైమావతికీ అంతే. నన్ను తోముతుంటే ఆమె చేతి ఒత్తిడిలో తెలిసింది. ఇవాళ నా వీపే ఎక్కువసేపు తోమింది.

రాత్రి భోజనాల దగ్గర ఆయన ముందు మళ్లీ వేరే కంచం ఉంది.

"ఇప్పుడేమైంది నా కంచానికి?"

హైమావతి నన్ను బల్ల మీద బోర్లించింది. "చదవండి."

ఆయన వంగి, చుక్కలు కూడబలుక్కుంటూ చదివాడు. ఆమె పేరు దాటి కింది వరుసకి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఒక్కరోజు తోమి ఉంటే మీకే తెలిసేది." హైమావతి కూర వడ్డిస్తూనే చెప్పింది. "సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను. ఆ ఫోటో నాది, మా ఆయన మార్కులు దానికి కలపొద్దు, మిగతా ఇద్దరూ చూసి ఏమంటే అదే అన్నాను. వాళ్లూ వద్దంటే మానె. ఎడమపక్క మాత్రం ఎవరూ కొయ్యడానికి వీల్లేదు. ఇకమీదట ఈ కంచంలో మీకు అన్నం పెట్టను. రేపటి నుంచి ఇది నా కెమెరా సంచిలో ఉంటుంది."

"మరి నేను దేంట్లో తినాలి?"

"పెరట్లో అరిటాకులున్నాయిగా," అంది మాణిక్యాంబ. "వెళ్లి కోసుకో. కొయ్యడం నీకు బాగా వచ్చుగా."

భోజనాల వేళ నేను బోర్లా ఉండటం ఈ ఇంట్లో ఇదే మొదలు. దీపం వెలుగు నా వీపు మీది చుక్కల మీద పడుతోంది. నా కోపం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు దాన్ని తగ్గించుకునే తీరికా లేదు. రేపు మధ్యాహ్నం కిటికీలోకి ఎండ వస్తుంది. నాకు పనుంది.