కదిరమ్మ ఆపిన మోటారు

ధర్మవరం రైల్వే స్టేషన్‌లో తంతి గుమాస్తాగా పనిచేసే ఈశ్వరప్పకు, సరదాకు వైర్‌లెస్‌లో పలకరించుకునే హామ్ రేడియో లైసెన్సు ఉండేది గానీ సొంత సెట్టు లేదు. పట్టుమగ్గాల ఇంట్లో పుట్టాడు. అన్నదమ్ములు మగ్గం గుంతలో కూర్చుంటే, ఇతను మాత్రం ఉద్యోగంలో నేర్చుకున్న మోర్సు పిచ్చిలో పడ్డాడు. గాలిలో ఎక్కడెక్కడి మనుషులో చుక్కలూ గీతలుగా పలకరించుకుంటారంటే ఆ పలకరింపులో తానూ ఉండాలని ఆశ.

ముదిగుబ్బ దాటాక ఒక పల్లెలో దాసప్ప ఉండేవాడు. మిలిటరీలో వైర్‌లెస్ పనిచేసి వచ్చినవాడు. పాత మిలిటరీ రిసీవరు, తన చేత్తో వాల్వులు బిగించుకున్న ట్రాన్స్‌మిటరు, మిద్దె మీది వెదురుబొంగు నుంచి వేపచెట్టుకు లాగిన రాగి తీగ, అదీ ఆయన స్టేషను. వయసుతో చెవులు మందగించి సెట్టు ముట్టడం మానేశాడు. ఎనభై నాలుగు సెప్టెంబరులో దేశంలోని హామ్‌లందరికీ పోటీ పెట్టారని ఈశ్వరప్ప చెబితే, ఆయనే ఇంట్లోకి పిలిచి సెట్టు మీది గుడ్డ తీశాడు. బూజు పట్టేకంటే నువ్వు కూర్చోవడమే మేలన్నాడు.

పోటీ ఆదివారం. ఎంతమందిని పట్టుకుంటే అన్ని మార్కులు, కొత్త రాష్ట్రం దొరికితే ఇంకా ఎక్కువ. పొద్దున బాగానే సాగింది. మధ్యాహ్నం కావస్తుండగా అస్సాం స్టేషనొకటి సన్నగా వినిపించింది. ఆ రాష్ట్రం ఇంకెవరికీ దొరికినట్టు లేదు. సరిగ్గా అప్పుడే హెడ్‌ఫోనులో బరబరమని రొద మొదలైంది.

గోడ అవతల కదిరమ్మ చేను. మొగుడు పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న మనిషి. ఆమె బోరు మోటారు స్టార్టర్‌లో వైరు వదులై నిప్పురవ్వలు లేస్తున్నాయి, ఆ రొద అదే. వాన ముఖం చాటేసి వారాలైంది. శెనక్కాయకు ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే అదను. కరెంటు పగటిపూటే, అదీ ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు.

ఈశ్వరప్ప వెళ్లేసరికి ఆమె పారతో నీళ్లకు మడవ తిప్పుతోంది. సంగతి చెప్పి, ఒక గంట మోటారు ఆపమని అడిగాడు. ఆమె చేను వైపు చూసింది.

“గంటంటే గంటే గదప్పా? అయినంక నువ్వే వొచ్చి చెప్పాల.”

“నేనే వొచ్చి చెప్తానక్కా.”

ఆమె మోటారు ఆపి, తుమ్మచెట్టు కింద కూర్చుంది.

రొద పోయింది. అస్సాం దొరికింది. దాని వెనకే ఇంకొకటి, దాని వెనక మరొకటి. అతన్ని వెతుక్కుంటూ పిలుస్తున్న స్టేషన్లు. ఎన్నడూ ఎరగని అనుభవం. గంట దాటిందని తెలుసు. ఇదొక్కటి అయ్యాక పోదామనుకున్నాడు. మళ్లీ అలాగే అనుకున్నాడు. మధ్యలో దాసప్ప రాగిముద్దా ఊరిబిండి పచ్చడీ తెచ్చిపెట్టి, కదిరమ్మ ఇంకా చెట్టు కిందే ఉందని చెప్పాడు. హెడ్‌ఫోను తీయకుండానే, తెలుసన్నట్టు చెయ్యి ఊపాడు ఈశ్వరప్ప. ఆమెతో ఇతనే మాట్లాడుకుని ఉంటాడనుకుని పెద్దాయన వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుండగా సెట్టు దీపం ఆరిపోయింది. చెవుల్లో నిశ్శబ్దం. కరెంటు పోయిందని తెలిసిన క్షణానే హెడ్‌ఫోను లాగి పడేశాడు. బయటికి పరుగెత్తాడు. కదిరమ్మ స్టార్టరు దగ్గర నిలబడి ఉంది.

“పోయిందప్పా” అంది, అంతే.

రేపొస్తుందిలే అనుకున్నారు. మరునాడు తెలిసింది, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని. కొత్తది వచ్చేసరికి పక్షం దాటింది. ఈశ్వరప్ప డ్యూటీ దిగిన ప్రతి సాయంత్రం బస్సెక్కి వచ్చి, దూరపు బావి నుంచి కావడితో నీళ్లు మోశాడు. దాసప్ప వద్దన్నా వినలేదు. రెండు సాళ్లు తడిపేసరికి భుజాలు పుండ్లయ్యేవి. మిగిలిన చేను అలాగే వాడిపోయింది. మట్టి గట్టిపడి ఊడలు లోపలికి దిగలేదు. చివరికి పీకితే పశువుల మేతకు కాయల్లేని కట్టె మిగిలింది.

కదిరమ్మ గొర్రెలమ్ముకుని బెంగళూరుకు కూలికి బయలుదేరింది. బస్సు దగ్గర ఈశ్వరప్ప ఆమె మూట అందుకున్నాడు. ఎన్నాళ్లుగానో మనసులో కూడదీసుకున్న మాట సగమే వచ్చింది.

“అక్కా, ఆ పొద్దు నేను చెప్పింటే...”

“చేనంతా తడిసిండదులే. సగమన్నా తడిసిండేది.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేనే వొచ్చి అడగొచ్చు. ఏదో పెద్ద పనిలో ఉండావు, చెడగొట్టినట్టయితాదని రాల్యా. ఇంతకీ ఆ అస్సామోడు ఏం చెప్పినాడప్పా?”

“ఆయప్ప నంబరు చెప్పినాడు. నేను నా నంబరు చెప్పినా.”

“అంతేనా?”

“అంతేనక్కా.”

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అతని చేతిలోని మూట తీసుకుని బస్సెక్కింది.

పోటీలో దక్షిణాదిలో మూడో స్థానం వచ్చిందని చలికాలంలో సర్టిఫికెట్టు వచ్చింది. దాసప్ప సంతోషపడి గోడకు తగిలిద్దామన్నాడు. ఈశ్వరప్ప దాన్ని ట్రంకుపెట్టెలో పడేశాడు. మరుసటేడు పోటీకి సెట్టు సిద్ధం చేసి ఆయన కబురంపితే, సెలవు దొరకలేదని అబద్ధం చెప్పాడు. అలా రెండుసార్లు చెప్పాక పెద్దాయన అడగడం మానేశాడు.

కదిరమ్మ ఏటా పీర్ల పండగకు ఊరికి వచ్చేది. చేను కౌలుకిచ్చేసింది. బెంగళూరులో ఇటుకలు మోసి చేతులు బండబారాయి. పండగ చూడ్డానికి వచ్చిన ఈశ్వరప్ప కనబడితే పెండ్లి చేసుకున్నావా అని అడిగేది, పిల్లల్ని అడిగేది. ఆ ఆదివారం మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిడితే బాగుండునని అతను ప్రతి పండక్కీ అనుకునేవాడు. ఆమె మాత్రం మంచీచెడ్డా కనుక్కుని, బస్సుకు టైమయిందని వెళ్లిపోయేది.