కాజాలక్క కుట్టిన నవల

"చదివేవాళ్ళు లేరు" అని రాసింది మీరే. పాత పుస్తకాల బీరువాలు మూడింటికీ ఆ చీటీ అంటించి, కింద సంతకం గిలికి, సోమవారం లారీ పంపిస్తామన్నదీ మీరే. గ్రంథాలయాల ఆఫీసులో పంకా కింద కూర్చున్న పెద్దమనుషులారా, చదివేవాళ్ళు పని నుంచి బయటపడేది సాయంత్రం ఐదున్నరకి. మీరు తలుపు మూయించేది ఐదింటికి. చినిగిన పుస్తకం ఇంటికివ్వకూడదని నియమం రాసింది మీరే, ఆ చినుగు కుట్టించడానికి మూరెడు దారం ఇవ్వనిదీ మీరే. చేసిందంతా మీరు చేసి, నేరం తీసుకెళ్ళి చదివేవాళ్ళ నెత్తిన రుద్దారు. మీరు రాసింది అబద్ధం. అబద్ధమని తేలిన శనివారం సంగతి ఇది. కాస్త ఫైలు పక్కన పెట్టి వినండి.

ఆవిడది చొక్కాల కార్ఖానాలో కాజాల పని. కాజా అంటే గుండీ దూరే కంత. దాని అంచు చుట్టూ దారం గట్టిగా పట్టకపోతే రెండు ఉతుకులకే నోరు తెరుస్తుంది. ఆవిడ పట్టిన కాజా, చొక్కా చిరిగిపోయినా, తను మాత్రం చెక్కుచెదరదు. అందుకే అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ కాజాలక్క. పగలంతా మిషను మీద, సాయంత్రం ఇంటికి తెచ్చుకున్న ఖరీదైన చొక్కాలకు చేత్తో.

ఇంట్లో ఆవిడా అత్తగారూ. మొగుడు బస్సు డిపోలో సాయంత్రం షిఫ్టు, కాబట్టి దీపాలు పెట్టాక ఇల్లు ఈ ఇద్దరిదే. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు అడిగినవాళ్ళకు అడిగిన నంబరు కలిపిన మనిషి. గొంతు ఇప్పటికీ కంచు. ఆ ఇంటి పద్ధతేమిటంటే, ఒకరి చేతిలో సూది ఉంటే ఇంకొకరి చేతిలో పుస్తకం ఉండాలి. కోడలు కాజాలు పడుతుంటే అత్తగారు పైకి చదువుతుంది. చొక్కాలు అయిపోగానే చేతులు మారతాయి. పుస్తకం కోడలికి, సూది అత్తగారికి. ఆవిడ దిండు గలీబుల మీద గొలుసుకుట్టుతో తీగలు వేస్తుంది, ఆకులు మాత్రం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతాయి. మంచి పట్టులో ఉండగా మంచినీళ్ళు తాగాల్సి వస్తే, "లైన్లో ఉండు" అని పుస్తకం బోర్లా పెట్టి లేస్తుంది. కోడలు సూది గాల్లో పట్టుకుని అలాగే లైన్లో ఉంటుంది.

పెళ్ళై వచ్చిన కొత్తలో కాజాలక్కకు చదువంటే వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కోవడమే. ఐదో తరగతితో బడి మానిపించి దారం కండెల ముందు కూర్చోబెట్టారు. ఆవిడ ఒక పేజీ దాటేలోపు అన్నం చల్లారేది. అత్తగారు ఒక్కనాడు నవ్వలేదు. నవ్వలేదు సరికదా, తప్పు చదివితే దిద్దేది కూడా కాదు. "సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు" అనేది, అచ్చం టెలిఫోన్లో అన్నట్టు. రెండోసారికి కోడలే దిద్దుకునేది. ఏడాది తిరిగేసరికి ఆగకుండా చదివింది. బదులుగా అత్తగారికి కుట్టు నేర్పింది. ఇప్పుడు ఆవిడకు సూది బెజ్జం కనపడదు. రోజూ పొద్దున్నే పనికి వెళ్ళేముందు కోడలు పది సూదులకు పది రంగుల దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి వెళుతుంది. ఆ ఇంట్లో కృతజ్ఞతలు నోటితో చెప్పుకునే అలవాటు లేదు. అవి ఆ దిండుకు గుచ్చి ఉంటాయి.

ఇక పుస్తకాలు. వార్డు ఆఫీసు వెనక రెండు గదుల చదువుకునే హాలుంది. దాన్ని చూసుకునే ఆయన మొలకు తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతాడు కాబట్టి తాళాలాయన. తొమ్మిదేళ్ళ కిందట కాజాలక్క ఒక శనివారం, పని ఒంటిపూటే ఉండటంతో, అక్కడికి వెళ్ళి వెన్ను ఊడిన నవల ఒకటి అడిగింది. నియమం ఒప్పుకోదన్నాడు. ఆవిడ ఆ పుస్తకాన్ని తిప్పి వెన్ను చూసి, ఇది చినగలేదు బాబాయ్, కుట్టు వదిలింది అంతే అంది. ఆయన అటూ ఇటూ చూసి, పుస్తకాన్ని పాత దినపత్రికలో చుట్టి చేతిలో పెట్టాడు. "ఇది నేను ఇవ్వలేదమ్మా, నువ్వు తీసుకోలేదు. కుట్టి పట్రా."

అలా మొదలైంది. మైనం పట్టించిన దారంతో ఫారాలన్నీ, అంటే పదహారేసి పేజీల మడతలన్నీ, వరసగా కుట్టి, గట్టి గుడ్డ వెన్నుకు అంటించి, వారంలోగా తెచ్చేది. ఈలోగా ఇద్దరూ చదివేసేవారు. కుట్టిన ప్రతి పుస్తకానికీ వెన్ను అడుగున ఒక ముడి వదిలేది. నవ్వించేదైతే పచ్చది, ఏడిపించేదైతే నీలంది. తను మళ్ళీ పొరపాటున తీసుకోకుండా వేసుకున్న గుర్తది. కానీ హాలుకు వచ్చేవాళ్ళు ఆ ముడులు పట్టేశారు. సైకిళ్ళ మెకానిక్కు పచ్చముడి తప్ప ముట్టడు. ఆసుపత్రి నర్సు, రోజంతా అంత చూసి వచ్చి కూడా, నీలంముడే కావాలంటుంది. వీళ్ళంతా చొక్కాలోనో సంచీలోనో దాచుకుని వెళ్ళేవాళ్ళే. ఒక్కటీ రిజిస్టరుకు ఎక్కదు. ఎందుకంటే రిజిస్టరులో అవి ఇప్పటికీ "చినిగినవి". చినిగినవి ఇచ్చానని రాస్తే తాళాలాయన ఉద్యోగానికి ఎసరు.

తనిఖీకి వచ్చినాయన చెడ్డవాడేం కాదు. అదే అసలు బాధ. ఇలాంటి పనులన్నీ మంచివాళ్ళ చేతే చేయిస్తారు. ఆ శనివారం మధ్యాహ్నం కాజాలక్క సంచీలో మరో పుస్తకం పెట్టుకుని వచ్చేసరికి, మూడు బీరువాలకూ చీటీలు అంటించి ఉన్నాయి. తాళాలాయన తన తాళాల వంక చూస్తూ నిలబడ్డాడు. తనిఖీ అధికారి రిజిస్టరు తిరగేస్తూ, ఈ బీరువాల్లోంచి ఆరేళ్ళుగా ఒక్క పుస్తకం కూడా కదల్లేదని, ఇక దుమ్ము మోయడం దండగని, సోమవారం లారీ వస్తుందని చెబుతున్నాడు.

కాజాలక్కకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో సగం చదివి పెట్టిన పుస్తకం ఉంది. ఈ బీరువాలు పోతే సాయంత్రం అత్తగారి గొంతు ఏం చేస్తుంది? ఆ పది సూదులు ఎవరికి? కొనుక్కునే స్తోమత ఉంటే ఇక్కడికెందుకు వస్తారు? ఆవిడ ఎప్పుడూ పై అధికారి ఎదుట నోరు తెరిచిన మనిషి కాదు. ఇప్పుడు తెరిచింది.

"చదువుతున్నాం సార్."

ఎవరని అడిగాడాయన. తనూ, వాళ్ళ అత్తయ్యా, ఇదిగో ఇక్కడ కూర్చున్నవాళ్ళంతా అని చూపించింది. ఆయన చిన్నగా నవ్వాడు. లారీ వస్తుందనేసరికి ఊళ్ళో అందరూ పాఠకులైపోతారని, ఇది ప్రతిచోటా చూసిందేనని అన్నాడు. అని, బీరువాలోంచి లావుపాటి పుస్తకం ఒకటి లాగాడు. గడియారాలు బాగుచేసే ముసలాయనదీ, ఆయన ముగ్గురు కూతుళ్ళదీ కథ అది. వెన్ను అడుగున పచ్చముడీ నీలంముడీ రెండూ ఉన్నది ఆ బీరువా మొత్తంలో అదొక్కటే. దాన్ని కాలేజీ రోజుల్లో చదివానని, చివర్లో ఏమవుతుందో ఎవరైనా చెప్పమని అడిగాడు.

మెకానిక్కు లేచాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని చెప్పాడు. ముసలాయన పోతాడు. పోయాక, తర్వాతి అధ్యాయంలో, పెద్దకూతురి ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంటాడు. మాటల్లేని పదేళ్ళ తగువు అక్కడ తెగుతుంది. తప్పు నాదేనమ్మా అంటాడు.

అధికారి పుస్తకం మూసి, చదవలేదని తేలిపోయిందన్నాడు. ముసలాయన కూతురితో ముందు రాజీపడతాడు, ఆ తర్వాతే పోతాడు. చచ్చిన మనిషి వచ్చి బల్ల దగ్గర కూర్చోవడానికి ఇది దయ్యాల కథ కాదన్నాడు.

"లేదు సార్, పోయాకే" అంది నర్సు. "ఆ పిల్లకి గుర్తొస్తోందనుకున్నా నేను. నైటు డ్యూటీ దిగి బస్సులో చదివి ఏడ్చాను. నా స్టాపు కూడా దాటిపోయింది."

మూలన కూర్చున్న రిటైరైన పోస్టుమ్యాను, ఎవరితోనూ మాట్లాడనివాడు, పోయాకే అని తలూపాడు. కాజాలక్కా అదే మాట అంది. అధికారికి ఒళ్ళు మండింది. అందరూ కూడబలుక్కున్నారా అని, ఇదిగో చూడండంటూ పుస్తకం తెరిచాడు.

తెరిచి, చదివి, ఆగాడు. వెనక్కి తిప్పాడు. ముందుకు తిప్పాడు. నిలబడినవాడు కూర్చున్నాడు. ముసలాయన పోయే అధ్యాయంలో పెద్దకూతురు ఊదారంగు శాలువా కప్పుకుని ఉంది. ఆ శాలువా ఆయన ఆమెకు ఇచ్చేది ఆ తర్వాతి అధ్యాయంలో.

"ఇది ఎవరు కుట్టారు?" అన్నాడు.

కాజాలక్క పుస్తకం అందుకుంది. ఒక్క చూపుకే తెలిసింది. ముఖం కందగడ్డయింది. ఆ పుస్తకం చేతికొచ్చినప్పుడు ఎలుకలు అడుగు అంచంతా కొరికేశాయి. పేజీల అంకెలు సగం వాటి పొట్టలోకే పోయాయి. అధ్యాయాలకు అంకెలు లేవు, ఒక పువ్వు బొమ్మ తప్ప; అక్కడ ఒక్కో అధ్యాయం సరిగ్గా ఒక్కో ఫారంలో ఇమిడింది. అప్పుడు ఆవిడ తనకు చేతనైన పని చేసింది. చొక్కా ముక్కలు కలిపేటప్పుడు ఏం చేస్తుందో అదే. అంచుకు అంచు ఆనించి, పాత సూదికంతకు కంత చూసి, కొరుకుడుకు కొరుకుడు కలిపింది. కుట్టుపనివాళ్ళు అలాగే కలుపుతారు. కొరుకుడు చక్కగా కలిసింది. కథ తిరగబడింది. చదువుతున్నప్పుడు ఆ శాలువా ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకుంది కూడా. రాసినాయన తర్వాత చెబుతాడులే అనుకుంది. చెప్పాడు కూడా.

"తప్పు నాది సార్" అంది. "రెండు ఫారాలు తారుమారు చేశాను. చనిపోయాక మాట్లాడించడం రాసినాయన గొప్పతనం అనుకున్నాను. ఇన్నేళ్ళు ఇంతమంది చేత తప్పు చదివించాను."

అప్పుడు తాళాలాయన నోరు విప్పాడు. ఇచ్చింది తనేనని, రాయనిదీ తనేనని చెప్పాడు. "రాస్తే నా ఉద్యోగం పోద్ది, రాయకపోతే ఈ బీరువాలు పోతాయి. తొమ్మిదేళ్ళుగా ఇదే సార్ నా బతుకు."

అధికారి ఆ కుట్టును వేలితో నిమిరాడు. నలభై ఫారాలు, ఒక్క దారం కూడా వదల్లేదు.

"మీరు సరైన కథ చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు" అన్నాడు. "అది ఎవరైనా ఎక్కడైనా వినొచ్చు. ఈ తప్పు కథ మాత్రం ఈ పుస్తకం చదివినవాళ్ళకే తెలుసు."

లేచి మూడు చీటీలూ గోటితో గీకి పీకాడు. ఫైల్లో "వాడుకలో ఉన్నవి" అని రాశాడు. అయితే అది నెలాఖరు దాకానే చెల్లుతుందని, పైవాళ్ళు ఒప్పుకోవాలని కూడా చెప్పాడు. వెళ్ళేముందు ఆ రెండు అధ్యాయాలూ తారుమారు వరసలోనే మళ్ళీ చదివాడు. తాళాలాయన తెచ్చిన టీ చల్లారిపోయింది. తాగకుండానే వెళ్ళాడు.

ఆ సాయంత్రం అత్తగారు సంగతంతా విని చాలాసేపు ఒప్పుకోలేదు. తను స్వయంగా చదివానని, తప్పుడు నంబరు కలపడం తన సర్వీసులో లేదని వాదించింది. కోడలు ఇంటికి తెచ్చిన ఆ పుస్తకంలో శాలువా చూపించాక మెత్తబడింది. కోడలు బ్లేడుతో ముడి తెంపి దారం లాగుతుంటే, రెండు ఫారాలూ విడివిడిగా చేతిలోకి తీసుకుంది.

"నాకు మాత్రం పోయాక మాట్లాడిందే బాగుందే" అంది. "మీ మావయ్యతో నేను చెప్పాల్సినవి అన్నీ పోయాకే చెప్పుకున్నాను. అయినా రాసినాయన మాట రాసినాయనది. సరిగ్గా కుట్టు."

కాజాలక్క మైనం రాసిన దారం సూదికి ఎక్కించింది. ఈ ఇంట్లో తనకు అక్షరం దొరికింది. ఆ హాల్లో దినపత్రికలో చుట్టిన పుస్తకం దొరికింది. తన తప్పును కూడా ఏడ్చి చదివి, అధికారి ముందు లేచి నిలబడి అప్పజెప్పిన మనుషులు దొరికారు. ఆ లెక్కన తనకు ఎంత దొరికిందో అనుకుంటే ఆవిడకు కుట్టు మసకబారింది. కళ్ళు తుడుచుకుంది. అత్తగారు గొంతు సవరించుకుని, సగంలో ఆగిన పుస్తకం తెరిచి, లైను కలిసిందా అని అడిగింది. కలిసిందంది.

విన్నారు కదా. నెలాఖరు ఇంకా రాలేదు. ఈలోగా మీరు చేయాల్సింది ఉంది, చేయండి. ఆ హాలు తలుపు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచండి. కుట్టిన పుస్తకం చినిగిన పుస్తకం కాదని మీ నియమంలో రాయండి. తాళాలాయనను తల ఎత్తి రిజిస్టరు రాసుకోనివ్వండి. వెలుతురు పడే కిటికీ పక్కన ఒక బల్ల, ఒక దారం కండె, మైనం ముద్ద పెట్టి కాజాలక్కను పిలవండి. పిలిచి, అంత పని తొమ్మిదేళ్ళు ఊరికే చేసినందుకు ముందు దణ్ణం పెట్టండి, తర్వాత జీతం ఇవ్వండి. "చదివేవాళ్ళు లేరు" అని రాసిన చేత్తోనే ఆ మాట కొట్టేయండి. మీరు మాకిచ్చిన గడువే మీకూ: సోమవారం లోపల.