కొంగ గూటికి మూడు రోజుల గడువు

మెక్నెస్ ఊళ్లో అంబులెన్సుల వైర్‌లెస్ స్తంభం మీద కొంగలు గూడు కట్టి నాలుగు గుడ్లు పెట్టాయి. ఆ నెలలోనే తూర్పు పేటల అంబులెన్సుల మాట గరగరలాడటం మొదలైంది. వైర్‌లెస్ కంపెనీ ఇంజినీరు లహ్బాబీ రెండింటినీ ముడిపెట్టి, గురువారం గూడు దించేయాలని కాగితం రాశాడు. ఆ సంగతి తెలిసిన ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసరు అబ్దెల్‌హాదీకి గుడ్లున్న గూడు దించడం మనసొప్పలేదు. సోమవారం పొద్దున్నే లహ్బాబీ దగ్గరికి వెళ్లి, తప్పు గూటిదో కాదో ఈ మూడు రోజుల్లో కంప్యూటర్లో తేల్చి చెబుతానన్నాడు.

"తేల్చండి ఉస్తాద్. అందాకా తూర్పు పేట రోగులను కొంగలే మోసుకొస్తాయి లెండి," అన్నాడు లహ్బాబీ. కానీ కాదనలేదు.

అబ్దెల్‌హాదీ తన దగ్గర పరిశోధన చేస్తున్న జొహోర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టాడు. స్తంభం చుట్టూ ఉన్న గాలినంతా చక్కెర బిళ్లల్లాంటి గళ్లుగా కోయాలి. ఒక్కో గడిలో విద్యుత్తు ఎంత, అయస్కాంతం ఎంత అని లెక్కగట్టి, కాలాన్ని రవ్వంత ముందుకు జరిపి, మళ్లీ లెక్కగట్టాలి. అలా వేలసార్లు జరిపితే తరంగం తెర మీద నీళ్లలా కదులుతుంది. షరతు ఒక్కటే: ఆ రవ్వంత కాలంలో తరంగం గడిని దాటి దూకకూడదు. ముప్పై ఏళ్లుగా ఈ షరతును ఆయన పిల్లలకు బల్ల గుద్ది చెబుతున్నాడు.

గూటి పుల్లలు సన్నం కాబట్టి, జానెడు గళ్లను బొటనవేలంత చేశాడు. మర్నాడు పొద్దున చూస్తే తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా మండిపోతోంది. అంకెల ప్రకారం ఆ గూడు సూర్యుణ్ని మించి వెలుగుతోంది. గూడు దించాల్సిన లైన్‌మన్ బుఅజ్జా ఫలితమేంటో కనుక్కుందామని వచ్చి, తల గోక్కున్నాడు.

"అయితే దించడమెందుకు ఉస్తాద్? ఊరంతటికీ కరెంటు దీన్నుంచే లాగుదాం."

జొహోర్ కాసేపు ఫైలు తిరగేసి మెల్లిగా చెప్పింది. "ఉస్తాద్, గళ్లు చిన్నవి చేశాం. కాలం మాత్రం పాతదే ఉంచేశాం."

చేసింది ఆయన ఒక్కడే. 'చేశాం' అన్న ఆ మాటకు ఆ పిల్లను మనసులోనే దీవించాడు.

కాలాన్ని పదో వంతుకు తగ్గించి మళ్లీ నడిపారు. బుధవారం ఉదయానికి ఫలితం వచ్చింది. పొడి గూట్లోంచి తరంగం జల్లెడలోంచి పిండిలా దాటిపోతోంది. తడి గూడు కూడా పెద్దగా అడ్డు పడటం లేదు. అబ్దెల్‌హాదీ సంబరపడ్డాడు కానీ, జొహోర్ పడలేదు. మరి గరగర ఎందుకని లహ్బాబీ అడిగితే ఏం చెబుతామంది. మనం పెట్టిందే తప్ప గూట్లో ఇంకేముందో కంప్యూటరుకు తెలియదు కదా అని కూడా అంది.

దాంతో బుఅజ్జాను బతిమాలి పైకి పంపి ఫొటోలు తీయించారు. గూట్లో చిరిగిన సంచి, ఎవరిదో మేజోడు, కట్టెపుల్లలు. తూర్పు అంచున బట్టలారేసుకునే తీగ ముక్క ఒకటి నిట్టనిలువుగా వేలాడుతోంది. ఎంత పొడవని అడిగితే, మీటరు ఉంటుందన్నాడు బుఅజ్జా.

అబ్దెల్‌హాదీ వెంటనే కలం తీసి లెక్క వేశాడు. ఆ వైర్‌లెస్ తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ. అందులో సగముండే తీగ యాంటెన్నా పక్కన నిలబడితే అద్దమైపోయి తరంగాన్ని వెనక్కి తిప్పేస్తుంది. ఆ ఒక్క తీగనూ లెక్కలో చేర్చారు. గురువారం పొద్దునకల్లా తెర మీద పడమర అంతా అలలు, తూర్పు వెలవెలబోతూ కనిపించింది.

"మా రెండో ఏడాది పిల్లలు కూడా ఇంత కొలతగా కట్టలేరు," అన్నాడాయన, కొంగను ఉద్దేశించి.

లహ్బాబీ వచ్చి తెరను చాలాసేపు చూశాడు. "అంటే తప్పు గూటిదే కదా?"

"తీగది. గూడు దానికి చోటిచ్చిందంతే."

"సరే, తీగే తీయండి. తూర్పు పలికిందా, గూడుంటుంది. పలకలేదా, మధ్యాహ్నానికి కింద ఉంటుంది."

బుఅజ్జా పైకెక్కాడు. కొంగ ముక్కు టకటకలాడిస్తూ అతని హెల్మెట్ మీద నాలుగు దెబ్బలు వేసింది. తీగ ఊడి వచ్చింది. కింద లహ్బాబీ వైర్‌లెస్‌లో తూర్పు పేటను పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ, ఈసారి గట్టిగా పిలిచాడు.

"వినబడుతోందయ్యా, అరవకు," అన్నాడు అవతలి డ్రైవరు, పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా. "టీ తాగుతున్నాం."

లహ్బాబీ జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. పైన కొంగ, బుఅజ్జా నిచ్చెన దిగేదాకా కూడా ఆగకుండా, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.