ఎడమకంటి మనిషి

లక్ష్మీపూర్ బజారులో బట్టల కొట్టు నడిపే సింహాచలమ్మవి చిన్నప్పటి నుంచీ సోడాసీసా అడుగులాంటి కళ్ళద్దాలు. రాయగడ ఆసుపత్రిలో కుడికంటి శుక్లం తీసి కొత్త లెన్సు వేశాక ఆ కంటికి అద్దం అక్కర్లేకపోయింది. ఎడమకంటికి శుక్లమూ ఉంది, పాత పవరూ ఉంది. దాని ఆపరేషన్ నెల దాటాక చేస్తామన్నారు. అందాకా నెట్టుకురావాలని ఆవిడ పాత జోడుకి కుడివైపు అద్దం పీకించి పెట్టుకుంది.

పెట్టుకుంటే ప్రతి మనిషీ ఇద్దరయ్యారు. కుడికంటి మనిషి నిండుగా, తేటగా ఉంటే, పక్కనే ఎడమకంటి మనిషి కాస్త చిన్నగా, మసకగా, పచ్చగా. టీ పోస్తే గ్లాసు పక్కన పడేది. గుడ్డ కొలిస్తే మీటరు కర్ర రెండుగా కనబడి కత్తెర ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంది. భయం ధనశ్రీ వచ్చాక మొదలైంది.

ధనశ్రీ కొరాపుట్‌లో నర్సింగు చదువుతున్న మనవరాలు. సెలవులకి వచ్చింది. పొద్దున్నే తల ఆరబెట్టుకుంటూ గుమ్మంలో నిలబడితే, ఆ పిల్ల పక్కన గౌరీశ్వరి నిలబడి ఉంది.

గౌరీశ్వరి సింహాచలమ్మ కూతురు, ధనశ్రీ తల్లి. బిడ్డ పాలు మరవకముందే మలేరియా మెదడుకెక్కి పోయింది. పోయేముందు కళ్ళు, గోళ్ళు, ఒళ్ళంతా పచ్చబడి, మనిషి సగమైపోయింది. ఆ సంగతి సింహాచలమ్మ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. మనవరాలికి చూపించిందల్లా పెళ్ళి ఫొటోయే.

గుమ్మంలో అలా కనబడిన నాటి నుంచి సింహాచలమ్మకు తిండి సయించలేదు. మాటిమాటికీ పిల్ల నుదురు తడిమేది.

"కళ్ళు సూపించమ్మీ. పచ్చగున్నాయి."

రక్తపరీక్ష చేయించింది. జ్వరమూ లేదు, కామెర్లూ లేవన్నారు. ఆవిడ నమ్మలేదు. పిల్లను వీధిలోకి వెళ్ళనివ్వలేదు.

ఒక సాయంత్రం ధనశ్రీ ఎదురుగా వచ్చి కూర్చుంది. "అమ్మమ్మా, నన్ను సూస్తే నీకేటి కనబడతంది? నిజం సెప్పు."

సింహాచలమ్మ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టింది. "మీ అమ్మ," అంది చివరికి. "నీ పక్కనే ఉంది. పోయేముందు ఎలాగుండేదో అలాగే." ఇక ఆగలేక ఆ పచ్చదనం, ఆ వణుకు, మంచినీళ్ళు కూడా దిగని ఆ గొంతు, అన్నీ చెప్పేసింది.

ధనశ్రీ విని అడిగింది, "ఇప్పుడేటి సేస్తంది?"

"నువ్వేటి సేస్తే అదే."

ధనశ్రీ మెల్లగా చెయ్యెత్తింది. పక్కన పచ్చటి చెయ్యి కూడా లేచింది. సింహాచలమ్మ వెనక్కి జరిగింది.

ధనశ్రీ లేచొచ్చి ఆవిడ ఎడమకన్ను అరచేత్తో మూసింది. "ఇప్పుడు?"

"లేదు. నువ్వొక్కర్తివే."

చెయ్యి కుడికంటి మీదికి మార్చింది. "ఇప్పుడో?"

"అదొక్కర్తే."

"అదీ నేనే, అమ్మమ్మా."

మర్నాడు రాయగడలో డాక్టరు శుభశ్రీ అంతా విని, ఒక కన్ను పెద్ద బొమ్మనీ ఒక కన్ను చిన్న బొమ్మనీ పంపుతుంటే మెదడు రెండింటినీ కలపలేదని, పచ్చ రంగు శుక్లానిదేనని చెప్పింది. ఎడమకంటికి కాంటాక్ట్ లెన్సు పెట్టి చూశారు గానీ ఆవిడ కంట్లో వేలు పెట్టుకోలేకపోయింది. రెండో ఆపరేషన్ ముందుకు జరిపి, అందాకా ఆ కంటికి మూత వేసుకోమన్నారు. మెట్ల దగ్గర జాగ్రత్త అన్నారు.

కొట్లో ఉన్నంతసేపూ మూత వేసుకునేది. ఇంటికొచ్చాక, ధనశ్రీ చదువుకుంటుంటే, కాసేపు తీసేది. భయం తగ్గలేదు. అయినా తీసేది. పిల్లకు తెలుసు. తెలిసీ దీపం దగ్గరగా జరిగి కూర్చునేది.

"గౌరీ," అని ఒకనాడు పిలిచింది సింహాచలమ్మ, ఊపిరంత సన్నగా.

ధనశ్రీ తలెత్తింది. ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

ఎడమకంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక గోడ తెల్లగా ఉంది, మంచం ఒక్కటే ఉంది, ధనశ్రీ ఒక్కతే ఉంది. ఆవిడ అందరికీ దండం పెట్టి, ధనశ్రీ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది.

తిరుగు బస్సులో ముగ్గురు పట్టే సీటు దొరికింది. కిటికీ పక్కన ఆవిడ, నడుమ ధనశ్రీ. దారిలో ఎక్కిన ఒకాయన చివర కూర్చోబోయాడు.

"అక్కడ మనిషుంది బాబూ," అంది సింహాచలమ్మ.

ఆయన ఖాళీ సీటు వైపూ ఆవిడ వైపూ చూశాడు. ధనశ్రీ ఒళ్ళోని సంచి తీసి ఆ చోట పెట్టింది. ఆయన ముందుకు వెళ్ళిపోయాడు. బస్సు ఘాట్ ఎక్కసాగింది.